సలాన్ గిన్నె జర అవుతలికి జరుపు చెల్లె!

ఏం చెల్లె, పొద్దుపొద్దుగాలనే బట్టల మీద అంత కోపమేంది? చిన్నోడి అంగీకి సలాన్ మరక పడ్డదా? బండకేసి బాదితే పోదది. జర నిమ్మకాయ రాసి ఎండల ఆరెయ్యి, పసుపు మరక ఎండకే పోతది. రాత్రి హోటల్ కాడ ఏమైందో నువ్వు చెప్పకు, నేనే చెప్త విను.

మరిదికి వీక్లీ ఆఫ్ దొరికింది. పిల్లలు బిర్యానీ అన్నరు. మెదక్ రోడ్డు మీదికి పోయి కూసున్నరు, ఆర్డర్ ఇచ్చిన్రు. అరగంటైనా ఏం రాలె. చిన్నోడు కుర్చీ ఎక్కి, కుర్చీ మీంచి బల్ల ఎక్కి, నీళ్ల జగ్గు ఒంచిండు. పక్క బల్లోళ్లు మొఖం తిప్పుకున్నరు. మరిది "ఫోనియ్యరాదు" అన్నడు. నువ్వు "నేనే ఎందుకియ్యాలె, నువ్వెత్తుకోరాదు" అన్నవు. బిర్యానీ వచ్చేయాల్లకు ఇద్దరికీ మాటల్లేవు. అవునా కాదా? నాకెట్ల తెల్సంటవా? బొంతపల్లిల పిల్లలున్న ఏ ఇల్లైనా గంతే చెల్లె, గీ ముచ్చట నాకు ఇంకెవలన్నా చెప్పాల్నా?

అసలు మనోళ్లకు హోటల్ల పిల్లలతోని కూసునుడు ఎన్నడు అలవాటు? నేను ఈ ఊరికి కోడలిగ వచ్చిననాడు ఇది మెదక్ జిల్లా, జిన్నారం మండలం. 2016ల సంగారెడ్డి జిల్లా అయింది, మనకు గుమ్మడిదల మండలం అయింది. ఆనాడు హోటలంటే చాయ్, మిర్చి, లారీ డ్రైవర్లు, షిఫ్ట్ దిగిన మొగోళ్లు. ఆడోళ్లు ఆడ కూసుంటే ఊరంతా చెప్పుకునేది. మందుల కంపెనీలు పెరిగినయి, కిరాయి ఇండ్లు పెరిగినయి, భార్యాపిల్లలతోని వచ్చినోళ్లు పెరిగిన్రు. ఇగ దాబా కాడ ఒక మూలకు పరదా కట్టి "ఫ్యామిలీ సెక్షన్" అని రాసిన్రు. ఆ పరదా ఎనుకకు పోయి ఎట్ల కూసోవాలె, పిల్లలను ఎట్ల కూసోబెట్టాలె అని మనకెవరు నేర్పిన్రు? మా అత్తకు తెల్వది, మీ అమ్మకు తెల్వది.

మనకు తెల్సింది బంతి భోజనం. పెండ్లిల పిల్లలు పందిరి నిండ ఉరుకుతరు, ఎవలూ ఏమనరు. ఆడ వడ్డించేటోడు మేనమామ, కూర బకెట్ పట్టుకున్నోడు చిన్నాయిన. పిల్లగాడు కాళ్లల్ల పడితే ఒక చేత్తోని బకెట్, ఇంకో చేత్తోని వాణ్ని లేపి ముద్దువెట్టి పోతడు. అదే అలవాటు తోని మనం హోటల్‌కు పోతున్నం. ఈడ ట్రే పట్టుకున్నోడు మేనమామ కాదు. వాడు నెల జీతం మనిషి. గిన్నె పడితే దాని పైసలు వాని జీతంల కోసేటోళ్లు కూడ ఉన్నరు.

ఊరి పేరొద్దు, హోటల్ పేరొద్దు గాని, మొన్న మేం పోయిన కాడ కండ్లారా చూసిన. ఒక నాలుగేండ్ల పిల్లగాడు బల్లల నడుమ బస్సు నడుపుతున్నడు, నోటితోనే హారన్ కొట్టుకుంట. తల్లి ఒక్కసారి పిలిచింది, మల్ల ముక్కలు తీసుడుల పడ్డది. తండ్రి ఫోన్ల ఉన్నడు. వంటింట్లకెళ్లి సర్వర్ వచ్చిండు. చేతిల పెద్ద ట్రే, దాని మీద రెండు హండీలు, సలాన్ గిన్నె. ఆ బస్సు పోయి పోయి వాని మోకాళ్లకు తగిలింది. ఆ సర్వర్ చేసింది చూస్తే నువ్వు కూడ దండం పెడుతవు చెల్లె. పడిపోతున్న ట్రేను అవుతల పక్కకు ఒంచలె. ఒంచితే బాబు మీద పడతది. తన దిక్కే ఒంచుకున్నడు. సలాన్ అంతా మణికట్టు నుంచి మోచేయి దాక కారింది. నూనెల ఇంక బుడగలొస్తున్నయి.

ఆ తండ్రి అప్పుడు లేచిండు. లేచి ఎవరి మీద ఒర్రిండు? సర్వర్ మీద! "చూసి నడువరా" అని. మా ఆయన మాట్లాడలె, ఆ సర్వర్ చేయి పట్టుకొని సీదా చేతులు కడిగే కాడికి తీస్కపోయి నల్లా ఇప్పి కింద పెట్టిండు. లోపట్నుంచి ఒకాయన పేస్టు డబ్బా పట్టుకొచ్చిండు. ఇంకొకాయన ఐసు ముక్కలు తెచ్చిండు. రెండూ వద్దని నేను అడ్డం నిలవడ్డ. కాలిన కాడ పారే సల్లటి నల్లా నీళ్లు 20 నిమిషాలు పడాలె. ఐసు వద్దు, పేస్టొద్దు, పసుపొద్దు, నెయ్యొద్దు. చేతికి గడియారమో ఉంగరమో ఉంటే వాపు రాకముందే తీసెయ్యాలె. ఎక్కువ కాలినా, బొబ్బలు వచ్చినా దవఖానకే పోవాలె. మా ఆయనకు ఇది కంపెనీల సేఫ్టీ ట్రైనింగ్‌ల నేర్పిన్రు, నేను ఆయన నోట వినీ వినీ నేర్చుకున్న. నీళ్ల కింద చేయి పెట్టుకొని నిలవడ్డప్పుడు అడిగితే చెప్పిండు, ఒడిశా నుంచి వచ్చిండట. ఊళ్లె మూడేండ్ల బిడ్డ ఉన్నదట. రెండో చేత్తోని ఫోన్ తీసి ఫోటో చూపెట్టిండు. "వానికేం కాలే గదా అమ్మా?" అని ఆ బస్సు పిల్లగాని గురించే అడుగుతున్నడు.

పెద్దోళ్ల చర్మం కన్న పిల్లల చర్మం పల్చగుంటది చెల్లె. అదే సలాన్ ఆ బాబు నెత్తి మీద పడితే ఏమైతుండెనో నేను చెప్పాల్నా? అందుకే హోటల్ల పిల్లలను ఆడిపిచ్చుడంటే పక్క బల్లోళ్లకు లొల్లి కావద్దని మాత్రమే అనుకుంటే తక్వ లెక్క. పక్కోళ్లు ఇంటికి పోయి మర్చిపోతరు. వేడి గిన్నె మోసేటోని తోవల మన పిల్లలు ఉండొద్దు, నేనైతే ముందుగాల గదే చూస్త. మిగిలినయన్నీ దాని ఎనుక.

ఇంకొక ముచ్చట యాదికొచ్చింది, మధ్యల చెప్పేస్త. నా చిన్నతనంల మా నాయిన పట్నం తీస్కపోతే ఇరానీ హోటల్ల చాయ్, బిస్కెట్ ఇప్పిచ్చేటోడు. నేను కుదురుగ కూసునేదాన్ని. ఎందుకో ఎర్కేనా? గిలాసలు కడిగే పిల్లగాడు నాకన్న చిన్నోడుండె. మా నాయిన వాణ్ని చూపిచ్చి "సదువకపోతే నువ్వు గట్లనే" అనేటోడు. వానికి ఇనవడుతుండె. నేను వాణ్ని చూస్తుంటి, వాడు నా బిస్కెట్ దిక్కు చూస్తుండె. 14 ఏండ్ల లోపోళ్లను హోటళ్లల్ల, దాబాలల్ల పనికి పెట్టుకోవద్దని సర్కారు 2006 అక్టోబర్ 10 నుంచి ఆపిచ్చింది. 2016ల చట్టం ఇంకా గట్టిగ చేసిన్రు. అయినా ఎన్నడన్నా ఏ దాబా ఎనుకనన్నా ఎత్తు చాలక స్టూల్ ఎక్కి గిన్నెలు తోమే పోరడు కనవడితే 1098కు ఫోన్ కొట్టు. పైసలు కావు దానికి. మన పిల్లగాని నవ్వియ్యమని వాణ్ని మాత్రం పిలువకు.

సరే, నీ ముచ్చటకొద్దాం. నువ్వు తొమ్మిదింటికి పోయినవు చూడు, ఆడనే బిస్మిల్లా తప్పింది. మూడేండ్లోనికి ఏడున్నరకే బువ్వ తినుడు అలవాటు. తొమ్మిదింటికి వానికి ఆకలి కూడ పోయి నిద్ర మొదలైంది. నిద్రల ఉన్న పోరన్ని ఏ బొమ్మా ఆడిపియ్యలేదు. ఏడింటికి పోతే హోటల్ల రష్ ఉండదు, వంట జల్ది వస్తది, సర్వర్లకు కూడ మన దిక్కు చూసే తీరిక ఉంటది. కూసునే కాడ కూడ చూసుకోవాలె. వంటింటి తలుపు నుంచి బయటి దాక సర్వర్లు నడిచే తోవ ఒకటుంటది, దాని పక్కన బల్ల వద్దు. గోడకు ఆనుకున్న బల్ల అడుగు, చిన్నోన్ని గోడ దిక్కు కూసోబెట్టు. పోవాలన్నా నీ మీదికెళ్లే దిగిపోవాలె. ఇగ మెనూ చూడకముందే వానికి పెరుగన్నమో పప్పన్నమో చెప్పు. అయిదు నిమిషాలల్ల వస్తది, కారముండదు. మనం చేసేదేంది? అందరికీ కలిపి దమ్ బిర్యానీ చెప్తం, అది వచ్చేదాక పిల్లగాని నోట్లె మసాలా పల్లీలు పోస్తం. అయిదేండ్ల లోపోళ్లకు పల్లీలు వద్దు చెల్లె, గొంతుకు అడ్డం పడతయి. కిలకిల నవ్వుకుంట ఉరికేటోనికి అసలే వద్దు.

ఫోనంటవా? నేను ఫోన్‌కు శత్రువును కాను. ప్రపంచ ఆరోగ్య సంస్థోళ్లు 2019ల చెప్పింది నాకూ ఎర్కే. రెండేండ్లు నిండనోళ్లకు తెర చూపెట్టొద్దు, రెండు నుంచి నాలుగేండ్లోళ్లకు దినానికి గంట దాటొద్దు, అంతకన్న తక్వైతే ఇంక మంచిదన్నరు. ఆ గంటల ఒక పది నిమిషాలు హోటల్ల చూస్తే కొంప మునగదు. కాని సప్పుడు బంద్ చెయ్యాలె. నాకు కోపం వచ్చేది ఆ సప్పుడుకే. అవుతలి బల్ల మీద ఒక ఫోన్ల బాతు పాట, ఇవుతలి బల్ల మీద ఇంకొక ఫోన్ల కారు పాట, నడుమ మనం బిర్యానీ తింటున్నమా రికార్డింగ్ డ్యాన్స్ చూస్తున్నమా తెల్వదు. ఇంకోటి, ఫోన్ చేతిల పెట్టి నోట్లె ముద్ద పెడితే వాడేం తింటున్నడో వానికే తెల్వదు. ఇంటికొచ్చినంక "ఏం తిన్నవురా" అనడుగు, చెప్పలేడు.

మరేం చెయ్యాలంటవు. మన కంపెనీల బెల్ట్‌ల మనకున్నన్ని ఆట సామాన్లు పట్నంల మాల్‌ల కూడ లేవు, తెల్సా? అద్దం దిక్కు కూసో. రోడ్డు మీద లారీలు చూపెట్టు. నీ బిడ్డకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు గదా. జీజే అంటే గుజరాత్, ఎంహెచ్ అంటే మహారాష్ట్ర, ఓడీ అంటే ఒడిశా. మన తెలంగాణ బండ్లల్లనే మూడు రకాలు దొరుకుతయి. 2014కు ముందటి ముసలి లారీల మీద ఇంక ఏపీ ఉంటది, అటెనుక టీఎస్, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. మూడూ కనిపెట్టినోళ్లకు మొదటి లెగ్ పీస్. మొన్న మా మనుమరాలు ఏపీ నంబర్ లారీ వచ్చేదాక కుర్చీల నుంచి కదలలె.

ట్యాంకర్లు వస్తే ఇంక మంచి తమాష. ఎనుక డైమండ్ ఆకారం తీరు ఒక డబ్బీ గుర్తు అతికిచ్చి ఉంటది చూడు, మూలల మీద నిలవెట్టినట్టు. ఎర్రటి దాంట్లె మంట బొమ్మ ఉంటే లోపల నిప్పంటుకునే సాల్వెంట్ ఉన్నట్టు. తెల్లటి దాంట్లె పుర్రె బొమ్మ ఉంటే విషం. సగం నలుపు, సగం తెలుపు ఉండి చేయి మీద చుక్కలు పడుతున్న బొమ్మ ఉంటే యాసిడ్ లాంటిది, తాకితే కాలుతది. నేను చెప్తే పిల్లలు ఇనరు. మరిదిని చెప్పమను. దినాం డ్రమ్ముల మీద అవే గుర్తులు చూసుకుంట బతికే మనిషి. పిల్లలకు నాయిన పని గురించి ఏం తెల్సు? పొద్దుగాల బస్సెక్కుతడు, రాత్రి మందుల వాసనతోని వస్తడు, గంతే. ఒక ట్యాంకర్ గురించి చెప్పనియ్యి, రియాక్టర్ ఎంత పెద్దగుంటదో చేతులు చాపి చూపెట్టనియ్యి. బిర్యానీ వచ్చింది కూడ చూస్కోరు. మూడేండ్లోనికి పుర్రె బొమ్మ అంటే జర భయమైతదేమో, వానికి లారీ రంగులు చెప్తే చాలు. దుండిగల్ దిక్కు పోతే ఇంక కష్టమే లేదు, ఎయిర్‌ఫోర్స్ అకాడమీ చిన్న విమానాలు చక్కర్లు కొడుతుంటే మెడ ఎత్తుకొని కూసుంటరు. నర్సాపూర్ అడివి దాటిన కాడ ఆగితే మాత్రం పిల్లల చేతిల తినే వస్తువు ఉంచకు. కోతులు ఫ్యామిలీ సెక్షన్‌ను లెక్క చేయవు.

మా అక్క కోడలు టెక్సాస్‌ల ఉంటది. ఆడ హోటల్‌కు పోంగనే పిల్లల ముంగట బొమ్మల కాగితం, రంగు క్రేయాన్లు పెడతరట, ఆర్డర్ వచ్చేదాక గీసుకోవచ్చు. జపాన్‌ల ఇంక ముందే మొదలువెట్టిన్రు. టోక్యోల మిత్సుకోషి అని పెద్ద దుకాణం ఉన్నది, దాని హోటల్ల 1930ల పిల్లలకని వేరే ప్లేటు తీసిన్రు. అన్నం చిన్న గుట్ట చేసి దాని మీద ఒక జెండా గుచ్చేది. ఆ జెండా ప్లేటు ఇంకా నడుస్తుంది. నాకు నచ్చింది జెండా కాదు చెల్లె, పిల్లగాని ఆకలికి పెద్దోళ్ల ఆకలితోని పని లేకుండ వేరే ప్లేటు పెట్టుడు. మన దాబాల జెండా లేకున్నా అడిగితే చిన్న గిన్నెల వేరే పెడతరు. అడగాలె గంతే. "భయ్యా, చిన్నోనికి కారం లేకుండ" అంటే మొఖం ముడిచినోన్ని నేనింకా చూడలె.

రంగులు మనకు లేకుంటే పాయె, టిష్యూ పేపర్ ఉండనే ఉన్నది గదా. పెన్ను పెట్టుకొని పో. పులి-మేక గీసి ఇయ్యి. 3 పులులకు టూత్‌పిక్ ముక్కలు, కొనలు విరిచెయ్యి. 15 మేకలకు సోంపు గింజలు. సోంపు బిల్లుతోని వస్తది గాని ముందే అడిగితే ఇస్తరు. చెంచతోని మన కాగితం మీదికి తీసుకోవాలె, పిల్లలు గిన్నెల చెయ్యి పెట్టొద్దు, అవుతలోళ్లు కూడ తినాలె గదా. ఆరేండ్ల బిడ్డకు ఒక్క ఆట చూపెడితే చాలు, మేకలు పులిని కట్టేసేదాక లేవది. చిన్నోనికి ఇది పనికిరాదు, గింజలు ముక్కుల పెట్టుకుంటడు. వానికి చేతులతోని ఆడేది కావాలె. చెమ్మచెక్క ఆడిపియ్యి, సన్నగ. లేకుంటే చెంచలు, గిన్నెలు సర్దమని చెప్పు, వాడు సర్దుతనే ఉంటడు, నువ్వు చెదరగొడుతనే ఉండు. సప్పుడు చేసే గిలాసలు మాత్రం ఇయ్యకు.

ఎంత చేసినా ఏడ్చేటోడు ఏడుస్తనే ఉంటడు. అప్పుడు బయటికి తీస్కపోవాలె. ఇగ ఈడనే అసలు లొల్లి. ఎవరు తీస్కపోవాలె? ఏ హోటల్‌కన్నా పో, బయట చంకల పిల్లగాన్ని వేసుకొని తిరిగేది ఎవరో చూడు. పదిట్ల ఎనమండుగురు తల్లులే ఉంటరు. మొగోళ్లు వేడి వేడి బిర్యానీ తిని, చేయి కడుక్కొని, పాన్ కాడికి పోతరు. ఆడోళ్లు సల్లారిన మెతుకులు తినుకుంట "నాకు ఆకలి లేదు" అంటరు. నువ్వు రాత్రి "నువ్వెత్తుకోరాదు" అన్నది న్యాయమే చెల్లె, జర గట్టిగ అన్నవు గంతే. ఇంటి కాన్నే మాట్లాడుకొని పోవాలె. మొదటి పదిహేను నిమిషాలు ఒకరు తినాలె, ఒకరు పిల్లలతోని ఉండాలె. అటెనుక మారాలె. ఇద్దరు ఒక్కపారి తినాలని పట్టు పడితే ఇద్దరికీ అన్నం దిగదు. మూడు షిఫ్టుల కంపెనీల పని చేసే మనిషికి షిఫ్ట్ మార్చుకునుడు చెప్పాల్నా? ఏ షిఫ్ట్, బీ షిఫ్ట్ అని చెప్పు, నవ్వుకుంటనే ఒప్పుకుంటడు.

పక్క బల్లోళ్ల సంగతి కూడ ఒక మాట. వాళ్లేం దేవుళ్లు కాదు. మూడేండ్లోడు ఒకపారి అరిస్తే మెడ తిప్పి కండ్లెర్ర చేసుడు ఏం పద్ధతి? వారానికొక్క దినం బయటికొచ్చిన ఇల్లది. ఇంకొందరుంటరు, అడగకుండనే వచ్చి బుగ్గ గిల్లుతరు, ఫోటో తీస్తరు, వాళ్ల ప్లేట్లకెళ్లి చికెన్ 65 ముక్క నోట్ల పెడతరు. ఆ ముక్క కారం నోట్లె మండితే ఏడ్చేది మన పిల్లగాడు, ఊకుంచేది నువ్వు. "వద్దన్నా, కారం పడదు" అని నవ్వుకుంటనే చెప్పెయ్యి, మొహమాటపడకు.

లేచేటప్పుడు బల్ల కింద ఒకపారి చూడు. రాత్రి చూసినవా? చూడలేదు గదా, కోపంల లేచొచ్చినవు. మెతుకులు, బొక్కలు, తడి టిష్యూలు. అన్నీ మనం తుడువనక్కర లేదు గాని, పెద్ద పెద్దయి ఒక ప్లేట్లకు ఎత్తి పెడితే చీపురు పట్టుకొచ్చే మనిషికి నడుము ఒంగుడు తగ్గుతది. టిప్పు బిల్లు పుస్తకంల పెడితే ఎవరికి పోతదో తెల్వది, ఆ తుడిచేటోళ్ల చేతిలనే పెట్టు. పిల్లగానితోని ఇప్పిస్తే ఇంక మంచిది, వానికి కూడ సంబురం.

ఇంకా పిల్లలు చిన్నగున్నన్ని దినాలు బిర్యానీ హోటళ్లెందుకు, మండి హోటల్‌కు పో అంట నేను. పటాన్‌చెరు దిక్కు పోతే ఎన్నో ఉన్నయి. హైదరాబాద్‌ల బార్కస్ ఉన్నది చూడు, నిజాం కాలంల యెమెన్ దిక్కెళ్లి వచ్చిన అరబ్ సిపాయిల బస్తీ, ఆ తిండి ఆడికెళ్లే మన దాక వచ్చింది. కింద పరుపు వేసుంటది, నడుమ ఒక పెద్ద పళ్లెం, చుట్టూ మనమే. చిన్నోడు పడ్డా ఎక్కడికి పడతడు, పరుపు మీదికే. ఎక్కుడు లేదు, దిగుడు లేదు, పండుకుంటే అట్లనే దిండేస్తవు. కారం తక్వ, అన్నం మెత్తగ. మెట్ల మీద చెప్పులు ఇడిసిపోవాలె, ఆ చెప్పులు అటుఇటు మార్చుడు చిన్నోనికి ఇంకో ఆట. ఒక్కటే, పళ్లెం పెట్టేటప్పుడు పొగలొస్తుంటది, అప్పుడు వాన్ని ఒడిల పట్టుకో.

గురువారం మరిదికి ఆఫ్ ఉన్నదంటున్నవు గదా? ఏడింటికే బయలెల్లుండ్రి. మా ఆయన కూడ వస్తనంటున్నడు, నలుగురు పెద్దోళ్లుంటే ఇద్దరు పిల్లలకు షిఫ్టులు తక్వ పడతయి. పెన్ను నేను తెస్త. ఏందీ, పులి-మేక గీసుడు నీకు రాదా? అయ్యో రాంరాం, ఏ ఊర్ల పుట్టినవే! బొగ్గు ముక్క అందుకో, ఈ గోడ మీదనే గీసి చూపెడుత. ముందుగాల కొండ తీరు ఒక పెద్ద ముక్కోణం...